స్వలింగ వివాహాల మీద వాదన మొదలైతే ఎలా మాట్లాడాలి, ఎక్కడ ఆపెయ్యాలి

ఈ టాపిక్ వచ్చిందంటే చాలు పది నిమిషాల్లో అరుపులే, ఒకరు సంస్కృతి అంటారు, ఇంకొకరు హక్కులు అంటారు, మూడో మనిషి దేవుణ్ణి తెస్తాడు, చివరికి ఎవరి మాట ఎవరికీ ఎక్కదు. నా మటుకు నాకు స్వలింగ జంటలకి చట్టబద్ధమైన పెళ్లి ఉండాలనే గట్టి అభిప్రాయం ఉంది, అది దాచిపెట్టి నేను మధ్యస్థుణ్ణి అని చెప్పుకోను. అయినా ఇక్కడ రాసేది మీరు ఏ వైపున్నా పనికొస్తుంది. ఎందుకంటే సగం గొడవ విషయం తెలీక వస్తుంది, మిగతా సగం అవతలివాళ్లు అసలు ఏ ప్రశ్న గురించి మాట్లాడుతున్నారో వినకపోవడం వల్ల వస్తుంది.

ముందు ఏ ప్రశ్నో తేల్చుకోండి

మూడు వేరువేరు ప్రశ్నలు ఇందులో కలిసిపోయి ఉంటాయి. ఇద్దరు మగవాళ్లో ఇద్దరు ఆడవాళ్లో కలిసి బతకడం నేరమా అనేది ఒకటి. దాన్ని నా మతం ఒప్పుకుంటుందా అనేది రెండోది. ప్రభుత్వం ఆ పెళ్లిని రిజిస్టర్ చెయ్యాలా వద్దా అనేది మూడోది. చట్టం గురించిన చర్చ అంటే ఈ మూడోదే, కానీ జనం ఎక్కువగా రెండోదానికి జవాబు చెప్తూ ఉంటారు, మనం మూడోదానికి జవాబు చెప్తూ ఉంటాం, ఇంక కలిసేదెక్కడ?

అందుకని అవతలి మనిషి మాట్లాడటం పూర్తయ్యాక ఒక్కటి అడగండి: "మీరనేది ఆ పెళ్లి మీ గుళ్లోనో చర్చిలోనో మసీదులోనో జరగకూడదనా, లేకపోతే రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా జరగకూడదనా?" చాలామంది ఇక్కడ ఒక్క క్షణం ఆగుతారు, ఎందుకంటే వాళ్ల భయం మొదటిదాని గురించే. ఆ భయాన్ని తీసిపారెయ్యకండి, దానికి నిజమైన జవాబుంది. కెనడా 2005లో చట్టం చేసినప్పుడు మత పెద్దలు తమ విశ్వాసానికి విరుద్ధమైన పెళ్లి చెయ్యక్కర్లేదని ఆ చట్టంలోనే రాసుకుంది. ఇంగ్లండ్, వేల్స్ కోసం 2013లో చేసిన చట్టంలో ఏ మత సంస్థ అయినా తనంతట తాను ఒప్పుకుంటేనే ఈ పెళ్లిళ్లు చేస్తుంది, బలవంతం లేదు. డెన్మార్క్ లో 2012 నుంచి ప్రభుత్వ చర్చిలోనే ఈ పెళ్లిళ్లు జరుగుతున్నాయి, అక్కడ కూడా ఒక పాస్టర్ నేను చెయ్యను అంటే కుదురుతుంది. కాబట్టి మతాన్ని ఒప్పించాల్సిన పని మీకు లేదు, ఆ వాదనలోకి దిగొద్దు కూడా. ఒకరి నమ్మకాన్ని తిట్టి గెలిచినవాళ్లని నేనైతే చూడలేదు.

పెళ్లి అంటే కాగితం మీద ఏముందో తెలుసుకోండి

"ప్రేమ ఉంటే చాలదా, సర్టిఫికెట్ ఎందుకు?" ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, చాలాసార్లు మంచి మనసుతోనే అడుగుతారు. దీనికి ఉపన్యాసం వద్దు, ఒక్క ఉదాహరణ చెప్పండి, వివరంగా చెప్పండి. నేను ఎప్పుడూ చెప్పేది అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు జంట గురించి. జిమ్ ఒబెర్గెఫెల్, జాన్ ఆర్థర్ అని ఇద్దరు, ఏళ్ల తరబడి కలిసి ఉన్నారు, జాన్ కి ఏఎల్ఎస్ వచ్చింది, అంటే నరాలు దెబ్బతిని కండరాలు ఒక్కొక్కటే పనిచెయ్యడం ఆగిపోయే జబ్బు. 2013 నాటికి మంచం దిగలేని స్థితి. వాళ్ల రాష్ట్రంలో పెళ్లికి చట్టం ఒప్పుకోదు కాబట్టి మెడికల్ విమానం మాట్లాడుకుని మేరీల్యాండ్ వెళ్లారు, జాన్ కిందకి దిగే పరిస్థితి లేదు, ఎయిర్‌పోర్టులో ఆగిన విమానంలోనే పెళ్లయింది, మళ్లీ ఇంటికి తిరిగొచ్చేశారు. తర్వాత తెలిసింది, జాన్ చనిపోయాక డెత్ సర్టిఫికెట్లో జీవిత భాగస్వామి అనే గడిలో జిమ్ పేరు రాయరట. ఆ గడిలో ఒక పేరు కోసం కోర్టుకెళ్లారు. జాన్ అదే ఏడాది అక్టోబర్లో పోయారు, కేసు మాత్రం నడిచింది, 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఇచ్చిన తీర్పు, ఆ దేశమంతటా ఈ పెళ్లిళ్లకి దారి తెరిచిన తీర్పు, ఈ జిమ్ పేరు మీదున్న కేసులోనే.

ఇంకో కేసు డబ్బు సంగతి అడిగేవాళ్లకి. ఎడిత్ విండ్సర్ అనే పెద్దావిడ నలభై ఏళ్లకి పైగా కలిసున్న తన భాగస్వామి థియా స్పయర్ 2009లో చనిపోయాక ఎస్టేట్ ట్యాక్స్, అంటే పోయినవాళ్ల ఆస్తి మీద వేసే పన్ను కింద 3,63,000 డాలర్లకి పైగా కట్టాల్సొచ్చింది. వాళ్లిద్దరూ 2007లో కెనడాలో చట్టప్రకారమే పెళ్లి చేసుకున్నారు. థియా ఆడమనిషి కాకుండా మగమనిషి అయ్యుంటే ఆ పన్ను సున్నా. 2013లో అమెరికా సుప్రీంకోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చింది.

ఇలా ఒక మనిషి, ఒక కాగితం, ఒక ఆఫీసు చూపిస్తే మాట నేలమీదకొస్తుంది. ఆసుపత్రిలో ఆపరేషన్ ఫారం మీద సంతకం ఎవరు పెట్టాలి, వీలునామా లేకుండా పోతే ఇల్లు ఎవరికి, పెన్షన్ ఎవరికి, వేరే దేశానికి ఉద్యోగం మీద వెళ్తే వీసా ఎవరికొస్తుంది, విడిపోతే సంపాదన లేని మనిషికి భరణం ఉంటుందా, ఇద్దరూ పెంచిన బిడ్డకి స్కూల్లో చట్టప్రకారం తల్లో తండ్రో ఎవరు. వీటిలో మీకు బాగా తెలిసిన ఒకటి రెండు పట్టుకోండి చాలు, మొత్తం లిస్టు చదివితే ఎవరూ వినరు.

తీర్పుల గురించి తప్పు చెప్పకండి, మన వైపు తప్పయినా సరే

ఇండియా సంగతి వచ్చినప్పుడు రెండు వైపులా తప్పులే వినిపిస్తాయి. "సుప్రీంకోర్టు బ్యాన్ చేసింది, చేసుకుంటే జైలే" అని ఒకరు, "377 పోయింది కదా, ఇంక పెళ్లి కూడా ఓకే" అని ఇంకొకరు. 377 అంటే స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన చట్టం సెక్షన్. రెండూ కాదు. 2018 సెప్టెంబర్ 6న నవతేజ్ సింగ్ జోహర్ కేసులో అయిదుగురు జడ్జిలు పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వకమైన సంబంధం నేరం కాదన్నారు, అది నేరం గురించిన తీర్పు, పెళ్లి గురించి కాదు. పెళ్లి సంగతి సుప్రియో కేసులో వచ్చింది, 2023 అక్టోబర్ 17న తీర్పు. పెళ్లి చేసుకునే హక్కు రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుగా లేదని, 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ ని కోర్టు తిరగరాయలేదని, అది పార్లమెంటు పని అని అయిదుగురూ అన్నారు. వాళ్ల మధ్య తేడా వచ్చింది సివిల్ యూనియన్ (పెళ్లి అనకుండా జంటకిచ్చే చట్టపరమైన గుర్తింపు) దగ్గర, దత్తత దగ్గర, అక్కడ 3-2 తో అడిగినవాళ్లు ఓడిపోయారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి స్త్రీ పురుష బంధంలో ఉంటే ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చని మాత్రం అయిదుగురూ ఒప్పుకున్నారు, ఈ ముక్క ఎవరూ చెప్పరు, మీరు చెప్పండి. తీర్పుని మళ్లీ చూడమని వేసిన రివ్యూ పిటిషన్లు 2025 జనవరిలో కొట్టేశారు. అంటే ఈరోజుకి పరిస్థితి ఏంటంటే కలిసి ఉండటం నేరం కాదు, బంధువుల మధ్య దండలు మార్చుకున్నా నేరం కాదు, ఆ పెళ్లికి రిజిస్ట్రేషన్ మాత్రం లేదు.

ఓడిపోయిన సందర్భాలు కూడా దాచకండి. 2008లో కాలిఫోర్నియా ఓటర్లు వద్దన్నారు, 2015లో స్లోవేనియాలో రిఫరెండంలో ఓడింది, 2018లో తైవాన్ ఓటర్లు సివిల్ కోడ్ మార్చొద్దన్నారు. ఇవి అవతలివాళ్లు చెప్పేలోపు మీరే చెప్తే మీ మాటకి విలువ పెరుగుతుంది, ఆ తర్వాత ఆ మూడు చోట్లా ఈ పెళ్లిళ్లు చట్టబద్ధమయ్యాయని కూడా చెప్పొచ్చు.

ఎప్పుడూ వచ్చే నాలుగు మాటలు

"పెళ్లి పిల్లల కోసం." అలా అనుకునేవాళ్లు నిజంగానే కుటుంబం గురించి ఆలోచిస్తున్నారు, కానీ పిల్లలు పుట్టరని తెలిసిన జంటని ఏ రిజిస్ట్రారూ వెనక్కి పంపడు, అరవై ఏళ్లకి రెండో పెళ్లి చేసుకున్నవాళ్లనీ పంపడు. పైగా స్వలింగ జంటల దగ్గర ఇప్పటికే పిల్లలు పెరుగుతున్నారు, పాత పెళ్లి వల్ల పుట్టినవాళ్లు, దత్తత తీసుకున్నవాళ్లు. చట్టం లేకపోతే ఆ పిల్లలు మాయమైపోరు, ఇద్దరు పెద్దవాళ్లలో ఒకరికి వాళ్ల మీద హక్కుండదు అంతే, హక్కున్న రెండోవాళ్లు చనిపోయిన రోజు బిడ్డ ఎవరి దగ్గరుండాలో తెలీదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2013లో ఈ పెళ్లిళ్లని సమర్థించింది కూడా పిల్లల క్షేమం అనే కారణంతోనే.

"రేపు అన్నాచెల్లెళ్లు కూడా అడుగుతారు, నలుగురిని చేసుకుంటామంటారు." ప్రపంచంలో మొదట నెదర్లాండ్స్ లో 2001 ఏప్రిల్ 1 నుంచి ఈ పెళ్లిళ్లు ఉన్నాయి, ఇరవై ఏళ్లు దాటిపోయింది, అక్కడ ఇప్పటికీ ఒకేసారి ఇద్దరిని పెళ్లాడటం కుదరదు, అన్నాచెల్లెళ్ల పెళ్లీ లేదు. ఇంతకన్నా ఎక్కువ వాదన అక్కర్లేదు. జంతువుల మాట ఎత్తితే అసలు జవాబివ్వకండి, అక్కడ మాట్లాడేది మీతో కాదు.

"ఇదంతా పాశ్చాత్య దేశాల పిచ్చి." దక్షిణాఫ్రికాలో 2006లో వచ్చింది, అర్జెంటీనాలో 2010లో, తైవాన్ లో 2019లో, నేపాల్ లో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం తర్వాత 2023 నవంబర్లో మొదటి రిజిస్ట్రేషన్ జరిగింది, థాయిలాండ్ లో 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. ఇండియాలో 377 సెక్షన్ రాసింది 1860లో బ్రిటిష్ వాళ్లు. ఏది ఎక్కణ్ణుంచి వచ్చింది అనే ప్రశ్న తీస్తే రెండు వైపులా చూడాలి కదా.

"ఎంతమంది ఉంటారు, ఇంత చిన్న గుంపు కోసం చట్టమా?" తక్కువమందే ఉంటే మిగతావాళ్ల జీవితంలో ఏమీ మారదు, ఆ తక్కువమంది జీవితంలో అంతా మారుతుంది. నా అభిప్రాయంలో ఇది అనుకూలంగా పనిచేసే మాట, వ్యతిరేకంగా కాదు.

బలమైన వాదన దగ్గర నిజాయితీగా ఉండండి

వ్యతిరేకించేవాళ్ల మాటల్లో నిజంగా ఆలోచించాల్సింది ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకుంటే మీరే నష్టపోతారు. ఈ నిర్ణయం ఎవరు తీసుకోవాలి, జడ్జిలా, ఎన్నికైనవాళ్లా, జనమా? అమెరికా తీర్పులో చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ అసమ్మతి రాసింది దీని మీదే, ఈ పెళ్లిళ్లు మంచివా చెడ్డవా అన్నది జనం తేల్చుకోవాలి, రాజ్యాంగం ఇందులో ఏమీ చెప్పలేదని. సుప్రియో కేసులో మెజారిటీ కూడా దాదాపు ఈ దారిలోనే వెళ్లింది. ఇలా అనేవాళ్లందరూ ద్వేషంతో అంటున్నారనుకోవడం తప్పు.

మీరు చెప్పగలిగింది ఏంటంటే మూడు దారులూ ప్రపంచంలో నడిచాయి, మూడింటికీ మంచీ చెడూ ఉన్నాయి. జర్మనీలో 2017 జూన్ 30న పార్లమెంటులో ఓటింగ్ జరిగింది, ఛాన్సలర్ మెర్కెల్ స్వయంగా వ్యతిరేకంగా ఓటేశారు, కానీ ఎంపీలు ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్లు వేసుకోవచ్చనే దారి ఇచ్చారు, 393-226 తో పాసయింది. ఐర్లండ్ జనం ఓటుతో మార్చింది, 2015 మే 22న 62 శాతం అవునన్నారు. అయితే ఐర్లండ్ లో ఓటు కన్నా ముందు జరిగిందే నాకు ముఖ్యం అనిపిస్తుంది. రాజ్యాంగ మార్పుల మీద వందమందితో ఒక సభ పెట్టారు, ఒక అధ్యక్షుడు, 33 మంది రాజకీయ నాయకులు, 66 మంది మామూలు పౌరులు. వాళ్లని కూర్చోబెట్టి రెండు వైపులవాళ్ల మాటా వినిపించారు, నిపుణుల్ని ప్రశ్నలడగనిచ్చారు, చిన్న చిన్న టేబుళ్ల దగ్గర మాట్లాడుకోనిచ్చారు, ఆ తర్వాత 2013 ఏప్రిల్లో ఓటేయమంటే 79 శాతం ఒప్పుకున్నారు. మీరు కాలేజీలోనో అపార్ట్‌మెంట్లోనో ఏదైనా సంఘంలోనో చర్చ పెట్టాలనుకుంటే ఈ పద్ధతే కాపీ కొట్టండి, స్టేజీ మీద ఇద్దరు వక్తలు కొట్టుకునే డిబేట్ వద్దు, ఆరుగురేసి కూర్చోండి, ముందు వినండి, అడగండి, చివర్లో మాత్రమే అభిప్రాయం చెప్పండి.

అలాగని జనం ఓటుని పొగిడేసి ఊరుకోవడం కూడా సరికాదు. 2017లో ఆస్ట్రేలియాలో పోస్టల్ సర్వే పెట్టారు, 61.6 శాతం అవునన్నారు, డిసెంబర్ కల్లా చట్టం వచ్చింది. బాగానే ఉంది, కానీ ఆ వారాలన్నీ ఒక వర్గం మనుషులు, మా ఇంటి పక్కవాళ్లు నా బతుకు మీద టిక్ పెడుతున్నారా క్రాస్ పెడుతున్నారా అనుకుంటూ గడిపారు. తక్కువమంది హక్కుని ఎక్కువమంది ఓటుకి పెట్టడంలో ఉన్న బాధ అది, ఎవరు తీర్మానించాలి అనే చర్చలో ఈ మాట తప్పకుండా చెప్పండి.

"పెళ్లి అనొద్దు, వేరే పేరుతో వేరే చట్టం ఇద్దాం" అని మధ్యేమార్గం చెప్పేవాళ్లు ఉంటారు. వాళ్లు శత్రువులు కాదు, డెన్మార్క్ 1989లో మొదలుపెట్టింది అలాగే. కానీ వేరే చట్టం అంటే ఏం మిగిలిపోయిందో ఒక్కొక్కటీ వెతుక్కోవడమే. జర్మనీలో 2001 నుంచి రిజిస్టర్డ్ పార్ట్‌నర్‌షిప్ ఉన్నా ఇద్దరూ కలిసి దత్తత తీసుకోవడానికి 2017 దాకా ఆగాల్సొచ్చింది. తైవాన్ లో 2019 చట్టం ప్రత్యేక చట్టం కాబట్టి సంబంధం లేని బిడ్డని ఇద్దరూ కలిసి దత్తత తీసుకునే వీలు 2023లో గానీ రాలేదు. మధ్యేమార్గం అన్నవాళ్లని "అందులో ఏమేం ఉంటాయి, ఏమేం ఉండవు?" అని అడగండి, చర్చ ముందుకెళ్తుంది. ఇంకోటి, గే, లెస్బియన్ వాళ్లలోనే పెళ్లి అనే వ్యవస్థ మాకొద్దు అనేవాళ్లూ ఉన్నారు, వాళ్లందరి తరఫునా మీరు మాట్లాడేయకండి.

ఎలా అడగాలి

ఇక్కడ ఒక రీసెర్చ్ కథ చెప్పాలి. ఇరవై నిమిషాలు మాట్లాడితే స్వలింగ వివాహాల మీద జనం మనసు మారిపోతుందని 2014 చివర్లో సైన్స్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది, ప్రపంచమంతా షేర్ చేసింది, 2015లో దాన్ని వెనక్కి తీసుకున్నారు, డేటా నమ్మదగ్గది కాదని తేలింది. ఇప్పటికీ అక్కడక్కడా దాన్ని వాడుతుంటారు, మీరు వాడకండి. ఆ లోపాలు బయటపెట్టినవాళ్లలో ఇద్దరు, బ్రూక్‌మన్, కల్లా, 2016లో తామే అసలు ప్రయోగం చేశారు, ట్రాన్స్‌జెండర్ల పట్ల ఉండే వ్యతిరేకత మీద. పది నిమిషాల మాట నిజంగానే పనిచేసింది, కనీసం మూడు నెలలు నిలబడింది. విషయం ట్రాన్స్‌జెండర్ల గురించి, పెళ్లి గురించి కాదు, అది గుర్తుంచుకోండి, కానీ పద్ధతి నేర్చుకోవచ్చు. వాదించలేదు వాళ్లు. తలుపు కొట్టి, "మిమ్మల్ని ఎప్పుడైనా ఎవరైనా మీరు ఉన్న తీరుకి వేరుగా చూశారా, అప్పుడేమనిపించింది?" అని అడిగి, విన్నారు.

మీరు కూడా అలాగే చెయ్యండి. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు "మీకు తెలీదండీ" అని మొదలుపెడితే ఆ మాటతోనే తలుపులు మూసుకుంటాయి. "మీ పెళ్లికి ఇంట్లో ఒప్పుకోకపోతే ఏం చేసేవాళ్లండీ?" అని అడగండి, కులం కాదని, కట్నం చాలదని, జాతకం కలవలేదని ఆగిపోయిన పెళ్లి ఒకటైనా వాళ్ల కుటుంబంలో ఉంటుంది, వాళ్లే చెప్తారు. చెప్పనివ్వండి. మధ్యలో "చూశారా, ఇది కూడా అలాంటిదే" అని దూరిపోకండి, వాళ్లే ఆ దారి చూసుకుంటే బాగా నిలుస్తుంది, చూసుకోకపోయినా ఆరోజుకి అది చాలు.

ఆన్‌లైన్ లో అయితే రెండు సార్లు జవాబివ్వండి, మూడోసారి వద్దు. మీరు రాసేది ఎక్కువగా ఆ తిట్టే మనిషి కోసం కాదు, పక్కన మాట్లాడకుండా చదువుతున్నవాళ్ల కోసం. బూతులు వస్తే రిపోర్ట్ కొట్టి వదిలెయ్యండి, స్క్రీన్‌షాట్ తీసి అందరికీ చూపించి ఇంకో గొడవ మొదలుపెట్టొద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైంది. మీరు మాట్లాడుతున్న గదిలో, గ్రూపులో, ఇంకా ఎవరికీ చెప్పుకోని గే కుర్రాడో లెస్బియన్ అమ్మాయో ఉన్నారనే అనుకుని మాట్లాడండి, చాలాసార్లు నిజంగానే ఉంటారు. మీరు గెలిచారా ఓడారా అన్నది వాళ్లకి అక్కర్లేదు, వాళ్ల గురించి ఇక్కడివాళ్లు ఏ మాటలు వాడుతున్నారో వింటూ ఉంటారు. అందుకే నవ్వించడానికి కూడా వాళ్ల మీద జోకు వెయ్యొద్దు. వాదన కోసం "మన ఫలానావాడు కూడా అంతే కదా" అని ఎవరి పేరూ బయటపెట్టొద్దు, మీకు నూటికి నూరుపాళ్లు తెలిసినా సరే, దానివల్ల ఒక మనిషి ఇల్లు, ఉద్యోగం, కొన్నిసార్లు ప్రాణం మీదకి కూడా వస్తుంది.

అలాంటి చర్చ అయ్యాక ఎవరైనా మీకు విడిగా మెసేజ్ పెట్టి తన సంగతి చెప్పుకోవచ్చు. అప్పుడు తీర్పులూ దేశాల లెక్కలూ ఏవీ వద్దు. చెప్పినందుకు థ్యాంక్స్ అనండి, ఇంకెవరికి తెలుసు అని అడగండి, ఇంట్లో పరిస్థితి భయపడేలా ఉందా అని అడగండి, పెళ్లి చేసెయ్యాలని ఒత్తిడి ఉంటే ఎన్ని రోజుల్లో అని కూడా అడగండి, ఎందుకంటే అక్కడ తొందరగా సాయం కావాల్సొస్తుంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి "మార్పిస్తాం" అని ఇంట్లోవాళ్లు అంటుంటే ఇది జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే తన జబ్బుల జాబితాలోంచి తీసేసిందని చెప్పండి, ఆ మాట వాళ్ల చేతిలో ఉంటే వాదించుకోగలుగుతారు. ఆ చాట్ ని మాత్రం వాళ్లు సరే అనేదాకా ఎవరికీ చూపించకండి, మీ ఇంట్లోవాళ్లకి కూడా.